చాప మీది వరుస

రెండువేల ఇరవై నాలుగు, ఆగస్టు పదిహేడో తేదీ, శనివారం, పగలు పదకొండు గంటలు. స్థలం, ఉదయగిరిలో కొండవైపు వీధిలో వరప్రసాదం ఇంటి ముందుగది. హాజరైనవారు నలుగురు: ఇంటి యజమాని వరప్రసాదం, కొండపేట చర్చి శతాబ్ది ఉత్సవ సంఘం కార్యదర్శి దయాసాగర్, విశ్రాంత ఉపాధ్యాయిని రాహేలమ్మ, వయస్సు ఎనభై నాలుగు, ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చిన కోడలు రూబీ. తేల్చవలసిన విషయం ఒక్కటే. పంతొమ్మిది వందల యాభై ఒకటిలో తీసిన ఒక ఫోటోలో చాప మీద కూర్చున్న ఆడవాళ్ళ పేర్లు రాహేలమ్మ చెప్పగలదా, లేదా?

"ఇది రెండోసారి," అన్నాడు దయాసాగర్, కుర్చీ అంచున కూర్చుని. "మూడోసారి ఉండదు వరప్రసాదం. రేపు ఆరాధన అయినాక వెబ్‌సైటు తెరవాల. పదిమందిని పిలిచి ఉండాను."

మొదటిసారి ఏం జరిగిందో తెలిస్తే తప్ప ఈ రెండోసారి ఎంత బరువైనదో తెలియదు కాబట్టి ముందు ఆ సంగతి చెప్పుకోవాలి.

వరప్రసాదం విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివినవాడు. కొన్నేళ్ళు కావలిలో పాఠాలు చెప్పి, ఆ తరువాత మనుషులకంటే పాత కాగితాలే నెమ్మదైన తోడని నిశ్చయించుకుని సొంత ఊరికి వచ్చేశాడు. పలకరిస్తే మర్యాదగా మాట్లాడేవాడు. పలకరించకపోతే ఇంకా సంతోషించేవాడు. చర్చికి నూరేళ్ళు నిండుతున్న సందర్భంలో పాత ఫోటోలను స్కాన్ చేసిపెట్టమని దయాసాగర్ అడిగినప్పుడు, గుమ్మం దాటకుండా చేసే పని గనుక ఒప్పుకున్నాడు.

ఆ ఫోటోలన్నిటిలోకీ పెద్దది యాభై ఒకటి నాటి ఉజ్జీవసభలనే పెద్ద ప్రార్థన కూడికల ఫోటో. వెనుక వరుసలో ఉపాధ్యాయులు నిలబడ్డారు. నడిమి వరుసలో పాస్టరు వెంగయ్యగారు, మిషను ఆస్పత్రి డాక్టరమ్మ, బోర్డింగు బడి పెద్దలు కుర్చీలలో కూర్చున్నారు. ముందు, నేల మీద పరిచిన చాప మీద, తెల్లచీరలు కట్టుకున్న బైబిలు స్త్రీలు. ఊరూరా కాలినడకన తిరిగి, ఇళ్ళలో ఆడవాళ్ళకు చదువూ వాక్యమూ చెప్పినవాళ్ళు. ఫోటో అడుగున అట్ట మీద నల్లసిరాతో పేర్లు రాసి ఉన్నాయి. నిలబడ్డవాళ్ళ పేర్లున్నాయి, కుర్చీలవాళ్ళ పేర్లున్నాయి. చాప వరుస దగ్గర అట్ట ఖాళీ.

ఆ చాప మీద ఉన్నవాళ్ళలో ఒకామె రాహేలమ్మ తల్లి సారమ్మ. దుత్తలూరు చుట్టుపక్కల పల్లెలన్నీ చెప్పుల్లేకుండా తిరిగిన మనిషి. ఆమెకు ఉన్న ఫోటో ఆ ఒక్కటే.

"మాయమ్మ సమాధి మీద కూడా పేరు లేదు నాయనా," అని రాహేలమ్మ వరప్రసాదంతో మొదటే చెప్పింది. "రాయి చెక్కించే తాహతు ఆ రోజు మాకు లేకపాయ. ఈడన్నా రాయండి. మాయమ్మ పేరే కాదు, ఆ చాప మీద ఉండేవాళ్ళందరి పేర్లూ నాకు తెలుసు. ఆ పొద్దు నేనాడే ఉండా."

జిల్లా సంఘాలన్నిటికీ కలిపి తయారవుతున్న వెబ్‌సైటుకు ఒక నియమం ఉంది. రాతలో లేని పేరు పెట్టాలంటే, బతికున్న సాక్షి ఒకరు ఆ ఫోటోలోని మనుషులను ఎదుట గుర్తుపట్టి, సంతకం చేసివ్వాలి. అట్లా కాకపోతే "ఇతరులు" అని రాస్తారు. దయాసాగర్ మండల కార్యాలయంలో పనిచేసి పదవీవిరమణ చేసినవాడు. నియమం తప్పితే ఆయనకు నిద్ర పట్టదు.

"గుర్తుపట్టమను, రాద్దాం," అన్నాడు. "చూపు తగ్గిన మనిషి గదా, ఫోటో పెద్దది చేయించు."

పెద్దది చేస్తే సరిపోతుందన్న మాట అందరికీ నచ్చింది. వరప్రసాదానికి మరీ నచ్చింది. స్కానరు పలక మీద పట్టకపోతే రెండు భాగాలుగా తీసి, అతుకు కనబడకుండా కలిపి, ఆ యంత్రం ఇవ్వగలిగినంత సూక్ష్మంగా తయారుచేసుకున్న చిత్రం అతనిది. దాన్ని తెరిచినప్పుడల్లా కంప్యూటరు కాసేపు మూలిగేది. ఆ మూలుగు అతని చెవికి ఇంపుగా ఉండేది. అతని దృష్టిలో చిత్రాన్ని తగ్గించడమంటే చెరపడమే.

అతను బస్సెక్కి ఆత్మకూరు వెళ్ళి, నాయకుల పుట్టినరోజులకు ఫ్లెక్సులు వేసే సుధీర్ కొట్లో ఆ చిత్రాన్ని ఇచ్చాడు.

సుధీర్ తెర మీద చూసి నోరు తెరిచాడు. "ఏంది సార్ ఇది, ఫైలా, కొండా? మా మిషను ఊపిరాడక చచ్చిపోతాది. ఇంతకీ ఏ పార్టీ? ఒక్కరూ చెయ్యెత్తి దణ్ణం పెట్టడంలేదే!"

"పార్టీ కాదు. పాత ఫోటో."

"పైన జన్మదిన శుభాకాంక్షలని వెయ్యాల్నా?"

"ఏమీ వెయ్యవద్దు. గోడంత రావాలి, అంతే."

గోడంత వచ్చింది. ఆదివారం ఆరాధన ముగిశాక దాన్ని చర్చి పక్కగోడకు కట్టారు. సంఘమంతా చుట్టూ చేరింది. రాహేలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి దాని ముందు నిలబడింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, పైకెత్తింది, దించింది. కాసేపటికి ఆమె ముఖంలో ఉత్సాహం పోయి బెదురు వచ్చింది.

దయాసాగర్ పొడుగాటి కర్రతో పాస్టరు వెంగయ్యగారి మీద తట్టాడు. "రాహేలమ్మత్తా, ఈయనెవరు?"

రాహేలమ్మ దగ్గరికి జరిగింది. ఇంకా దగ్గరికి జరిగింది. "బొత్తాము," అంది.

"మనిషి పేరు అడగతా ఉండా."

"చీర కుచ్చిళ్ళు గదరా ఇయ్యి?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "వెంగయ్యగారికి చీర కట్టించింది అవ్వ," అని ఇంకెవరో అన్నారు. చాప వరుస దగ్గరికి కర్ర దిగింది. రాహేలమ్మ ఆ గుడ్డ మీద చెయ్యి వేసి తడుముతూ, "మాయమ్మ యాడుండాది? మాయమ్మ యాడికి పోయింది?" అని గొణిగింది. అప్పుడిక ఎవరూ నవ్వలేదు. అది ఇంకా అన్యాయంగా ఉంది.

"మతి తప్పింది పాపం," అని దయాసాగర్ మెల్లగానే అన్నాడు. కానీ వినబడింది. రాహేలమ్మ కోడలి చెయ్యి వదిలేసి, తనంతట తానే నడిచి వెళ్ళిపోయింది. గేటు దగ్గర గుంజ తగిలితే, దాన్ని కూడా పలకరించకుండా వెళ్ళిపోయింది.

వరప్రసాదం ఇంటికి వచ్చి వెబ్‌సైటులో ఫోటో ఎక్కించబోయాడు. "ఇతరులు" అన్న మాట రాయడానికి మనసొప్పక ఆ గడి వదిలేసి, ముందు చిత్రం పంపాడు. ఎర్ర అక్షరాలు వచ్చాయి: రెండు ఎంబీలకు మించిన చిత్రం స్వీకరించబడదు. అతని చిత్రం దానికి కొన్ని వందల రెట్లుంది. నిర్వాహకులకు ఇంగ్లీషులో దీర్ఘమైన లేఖ రాశాడు. ఒక్క ముక్కలో జవాబు వచ్చింది: తగ్గించి పంపండి.

రెండు రోజులు బిగదీసుకుని కూర్చున్నాడు. మూడో రోజు, చేసేది లేక, మొదలుపెట్టాడు. చెయ్యక తప్పని పనిని కూడా పద్ధతిగా తప్ప చెయ్యలేని స్వభావం అతనిది. మూలాన్ని ముట్టకుండా వేరే చోట భద్రపరిచాడు. నకలు తీసుకున్నాడు. పొడవూ వెడల్పూ ఒకే పాళ్ళలో తగ్గేట్టు చూసుకుని, ఒక్కసారిగా నలిపేయకుండా, సగానికి తగ్గించాడు. మళ్ళీ సగానికి. మళ్ళీ సగానికి. ప్రతిసారీ ఏం పోయిందోనని వెతుక్కున్నాడు.

పోయినది వేరే ఉంది. ఆ పాత ఫోటో కాగితం మీద పట్టుబట్ట నేతలాంటి గరుకు ఉండేది. స్కానరు దీపం పడినప్పుడు ఆ గరుకులోని ప్రతి పొక్కూ ఒక చుక్కై మెరిసింది. నిండు పరిమాణంలో అతను ఇన్నాళ్ళూ చూసి మురిసిపోయినది ఆ చుక్కలనే. చిత్రం తగ్గేకొద్దీ చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వాటి వెనకనుంచి ముఖాలు వచ్చాయి. డాక్టరమ్మ చిరాకు కనబడింది. చాప మీద ఒకామె పక్కామె భుజానికి ఆనుకుని ఉంది.

వరప్రసాదం కుర్చీ వెనక్కి జరుపుకుని, దూరంనుంచి ఇంకోసారి చూశాడు. తరువాత కొద్దిగా పదును పెట్టి, రెండు ఎంబీలకు లోపల దాచి, మర్యాద కోసం దాన్ని రూబీ ఫోనుకు పంపాడు. వెబ్‌సైటులో పెట్టబోయేది ఇదేనని ఒక ముక్క రాశాడు.

గడియ తిరక్కముందే ఫోను మోగింది.

"సార్, అత్త నా ఫోను ఇయ్యనంటా ఉండాది!"

"ఎందుకమ్మా?"

"చెయ్యి చాపి అల్లంత దూరాన పట్టుకోని కూర్చోనుండాది. మాయమ్మా, మాయమ్మా అంటాది. పక్కనామె పేరు చెప్తాది, ఆ పక్కనామె పేరు చెప్తాది. కొసదాకా చెప్పేసి మళ్ళా మొదలుపెట్టింది సార్!"

వరప్రసాదం లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఇంట్లో ఆమె చూపు ఎట్లా ఉంటుంది? జాగ్రత్తగా చెప్పు."

"అదేందో సార్, సూదిలో దారం నాకంటే ముందు ఎక్కిస్తాది. పక్కనుండే చెంబు మాత్రం తన్నేస్తాది. ఏదో కావాలనే చేస్తాదని నేను తిట్టేదాన్ని. నెల్లూరు డాక్టరు నీటికాసులు అని చుక్కల మందు రాసినాడు, అంతే, ఇంకేం చెప్పలా."

అప్పుడు అర్థమైంది. నీటికాసుల జబ్బులో చూపు అంచులనుంచి మూసుకుపోతూ వస్తుంది. నడుమ మాత్రం మిగులుతుంది. ఆ నడిమి చూపు పదునుగానే ఉండవచ్చు. గొట్టంలోనుంచి లోకాన్ని చూడడం లాంటిది. గోడంత బొమ్మ ముందు నిలబెడితే ఆ గొట్టంలో ఒక్క బొత్తాం పడుతుంది. అరచేతిలో పట్టే బొమ్మైతే మనుషులందరూ పడతారు. చూపు తగ్గిన మనిషికి పెద్దది కావాలని ఊరంతా ఏకమై, ఆమె దగ్గరనుంచి ఆమె తల్లిని దాచిపెట్టింది.

అతను అప్పటికప్పుడు దయాసాగర్ ఇంటికి నడిచి వెళ్ళాడు. వరప్రసాదం తనంతట తాను ఒకరి ఇంటికి వెళ్ళడం ఆ వీధిలో వార్త అయింది.

అట్లా కుదిరింది ఆ శనివారం సమావేశం.

వరప్రసాదం, ఆమెకు పేర్లు కనబడకుండా తెర మీద అట్ట భాగం తీసేసి, తగ్గించిన చిత్రాన్ని తన ఫోనులో పెట్టి రాహేలమ్మ చేతికిచ్చాడు. ఆమె చెయ్యి చాపి, దూరం సరిచూసుకుని, "ఊ, అడుగు," అంది. గొంతులో బెదురు లేదు.

"కుర్చీలవాళ్ళు. కుడి కొసనుంచి," అన్నాడు దయాసాగర్. అసలు అట్ట ఆయన ఒళ్ళో ఉంది.

ఆమె కుడి కొసనుంచి చెప్పింది. ఒక్కొక్క పేరుకూ ఆయన వేలు అట్ట మీద వెనక్కి జరిగింది. ఎక్కడా ఆగలేదు.

"మళ్ళా చాప వరస. అదీ కుడి కొసనుంచే."

"అది మాత్రం పడమటినుంచి చెప్పాల," అంది రాహేలమ్మ. "వాళ్ళు అట్లా కూర్చున్నారు. ఎవరి ఊర్లు యాడుంటే ఆ వరస. పొద్దున్నే సీతారామపురం పక్కనుంచి నడిచొచ్చిన ఎలీసమ్మ కొండవైపు కూర్చునింది. ఆమె పక్కన మన ఉదయగిరి నయోమమ్మ. తరవాత మాయమ్మ, దుత్తలూరు సారమ్మ. చూడు, మాయమ్మ కాళ్ళు లోపలికి ముడుచుకోనుండాది, పగిలిన మడాలు కనపడకుండా. ఆమె పక్కన వింజమూరు దీనమ్మ. దీనమ్మ భుజాన ఒరిగిన ఆమె కలిగిరి సుందరమ్మ, జ్వరంతో వచ్చింది పాపం. కడాకు జలదంకి మార్తమ్మ. పాట ఎత్తుకుంటే రోడ్డు మీదికి వినపడేది."

దయాసాగర్ గొంతు సవరించుకున్నాడు.

"నిన్ను నేను తప్పు పట్టడంలేదత్తా. అయితే కుర్చీల పేర్లు చర్చిలో అందరికీ తెలుసు. చాప పేర్లు ఎవురన్నా నేర్పించి ఉండొచ్చు అంటారు. నేనేం చెప్పాల?"

రూబీకి రోషం వచ్చింది. "ఎవురు నేర్పేది? ఆ పేర్లు తెలిసినోళ్ళు ఇంకెవురుండారు, మన్నులో తప్ప?"

"నువ్వుండు రూబీ," అంది రాహేలమ్మ. ఆమె ఫోను దించి, దయాసాగర్ గొంతు వచ్చిన వైపు తిరిగి, బడిలో మొద్దు పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "ఒరే దయాసాగరా, మన చర్చిలో పాస్టరు వెంగయ్యగారి పటం ఉండాది గదా? ఆ కళ్ళు ఆయనవి కావు."

"ఏందీ?"

"ఈ ఫోటోలోనుంచి తీసి పెద్దది చేసిందేరా ఆ పటం. ఇందులో ఆయన కళ్ళు మూసుకోనుండాడు. ఇంకోటి తీస్తానని ఫోటో ఆయన బతిమాలినాడు. ఆస్పత్రికి పొద్దుపోతా ఉండాదని డాక్టరమ్మ లేచేసింది. నేను ఫోటో ఆయన నల్లగుడ్డ పక్కనే నిలబడుండా. పటం కట్టినోడు పైన కళ్ళు గీసినాడు. సరిగ్గా చూడు, ఒకటి మనల్ని చూస్తాది, ఇంకోటి గోడని చూస్తాది. ఇది నాకెవురు నేర్పినారో చెప్పు."

దయాసాగర్ ముఖం కందింది. ఆ పటం కింద ఆయన పెళ్ళి జరిగింది. "అద్దాలు పెట్టుకోనుండాడాయన. అద్దాల మెరుపు అది. చూపించు వరప్రసాదం, నీ పెద్ద ఫైలు చూపించు!"

వరప్రసాదం మూలచిత్రాన్ని తెరిచాడు. కంప్యూటరు మూలిగింది. వెంగయ్యగారి కళ్ళద్దాలు తెర నిండా వచ్చాయి. ఉన్నవన్నీ చుక్కలే. ఇసుక చల్లినట్టు తెల్లచుక్కలూ, నల్లచుక్కలూ. కళ్ళు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో దేవుడికే తెలియాలి.

"ఏదీ?" అన్నాడు దయాసాగర్. "ఏవీ రెప్పలు?"

రూబీ అత్త భుజం పట్టుకుంది. వరప్రసాదం అరచేతులు తుడుచుకున్నాడు. ఇప్పుడు తాను చెయ్యబోయే పనిని వారం కిందట ఎవరైనా చెయ్యమంటే కోపం తెచ్చుకునేవాడు.

"తగ్గిస్తాను," అన్నాడు.

ఆ కొంచెం భాగాన్ని నకలు తీసి సగం చేశాడు. ఇసుక పలచబడింది. మళ్ళీ సగం చేశాడు. నేత గరుకు మొత్తం కరిగి, కళ్ళద్దాల వలయాల లోపల రెండు వంపు గీతలు తేలాయి. కిందికి వాలిన రెండు రెప్పలు. వాటి అంచున వెంట్రుకల నీడతో సహా.

దయాసాగర్ తెరకు ముక్కు ఆనించి చూశాడు. వెనక్కి జరిగి చూశాడు. కూర్చున్నాడు.

"మూసుకున్నాడు," అన్నాడు.

"మూసుకున్నాడా?" అంది రాహేలమ్మ, తెలియనట్టు.

"మూసుకున్నాడత్తా." ఆయనకు ఉన్నట్టుండి నవ్వు వచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. "నూరేళ్ళ చర్చి! గీసిన కళ్ళకు దండలేసినాం! ప్రార్థనలో ఉన్నాడేమోలే, పెద్దాయన."

"ప్రార్థనా లేదు, గీర్థనా లేదు. ముక్కు మీద ఈగ వాలింది," అంది రాహేలమ్మ. అంతటితో నలుగురూ నవ్వారు. వరప్రసాదం నవ్వు విని వీధిలో పోయేవాడొకడు సైకిలు దిగి తొంగిచూశాడు.

నవ్వు అణిగాక దయాసాగర్ లేచి, ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆదివారం పొద్దు నేనొక మాట అన్నాను. రేపు అదే చోట, అదే జనం ముందు, వెనక్కి తీసుకుంటా."

"ఇప్పుడు ఆ చాప పేర్లు పెట్టు ముందు," అంది ఆమె. "తీసుకునేది తరవాత తీసుకుందువు."

వరప్రసాదం ఖాళీ గడిలో పేర్లు ఒక్కొక్కటే కొట్టాడు. పడమటినుంచి తూర్పుకు, ఊరి పేరుతో సహా. తగ్గించిన చిత్రాన్ని జతచేసి పంపాడు. నీలంగీత మెల్లగా కుడివైపుకు పాకింది. మధ్యలో ఆగింది. మళ్ళీ కదిలింది. గీత కొసకు చేరి ఆకుపచ్చగా మారింది. పేజీలో ఫోటో తెరుచుకుని, దాని కింద దుత్తలూరు సారమ్మ పేరు తన వరుసలో నిలబడింది. రూబీ దాన్ని పైకి చదివింది. రాహేలమ్మ ఇంకోసారి చదవమంది. చదివింది. ఇంకోసారి అడిగింది.

దయాసాగర్ అప్పటికే ఫోనులో అరుస్తున్నాడు. "సుధీర్! ఉదయగిరినుంచి దయాసాగర్ని. రేపటికి ఫోటోలు కావాల. వరప్రసాదం సారు పంపిస్తాడు. సైజా? పోస్టుకార్డంత చాలు. ఇంటికొకటి."

ఫోనులో సుధీర్ గొంతు గదంతా వినబడింది. "ఫ్లెక్సుల కొట్లో పోస్టుకార్డులా అన్నా! పోయినసారి కొండ, ఈసారి గులకరాయా? మీరు మనుషులేనా?"

"గులకరాయే కావాల. పొద్దున మొదటి బస్సుకు పంపించు."

ఇక మిగిలింది సంతకం. వరప్రసాదం తెల్లకాగితం తీసి సాక్షి వాంగ్మూలం రాయడానికి కూర్చున్నాడు. "పెద్దక్షరాలతో రాయండి సార్," అని నోరు జారిన రూబీ, అత్త తనవైపు తల తిప్పేసరికి నాలుక కరుచుకుంది.

"చిన్నగా రాయి నాయనా," అంది రాహేలమ్మ. "ఎంత చిన్నగా వస్తే అంత చిన్నగా."

అతను చిన్నగా రాశాడు. ఆ ఫోటో తీసిన పొద్దు తాను అక్కడ నిలబడి ఉన్నట్టు, చాప వరుసలోని ఆరుగురినీ పడమటినుంచి తూర్పుకు ఈ దినం గుర్తుపట్టి చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాశాడు. రాహేలమ్మ కాగితాన్ని చేతి పొడవు దూరాన పట్టుకుని మొదటినుంచి కొసదాకా తానే చదువుకుంది. ఒకచోట ఆగి, "జలదంకి మార్తమ్మకు గారు పెట్టు. పెద్దామె," అని దిద్దించింది. తరువాత కాగితాన్ని బల్ల మీద ఆనించి, బడిపంతులమ్మ గుండ్రని చేతిరాతతో, సారమ్మ కుమార్తె రాహేలమ్మ అని సంతకం చేసింది. కింద సాక్షిగా దయాసాగర్ చేశాడు. వరప్రసాదం తేదీ వేసి, సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని అంచులు కలిసేట్టు మడిచి, ఫోటో ఉన్న గోధుమరంగు కవరులో పెట్టి, బీరువా పై అరలో భద్రం చేశాడు.